రెండో బేస్ దాటాక

కర్టిస్ కొట్టిన బంతి ఎడమవైపు కంచె మీదుగా వెళ్లి మొక్కజొన్న చేలో పడింది. హార్ట్‌విక్ ఊరి బేస్‌బాల్ మైదానంలో ఉన్న మూడు వందల మందీ ఒక్కసారి లేచారు. మైదానం చుట్టూ ఆపి ఉన్న పికప్ ట్రక్కుల హారన్లు మోగిపోయాయి. అది తొమ్మిదో ఇన్నింగ్స్ చివర. సీడర్ ఫోర్క్ వాళ్లకీ, హార్ట్‌విక్ వాళ్లకీ చెరి నాలుగు పరుగులు. హార్ట్‌విక్ వైపు అప్పటికే ఇద్దరు అవుటయ్యారు, మూడోవాడు అవుటైతే ఇన్నింగ్స్ అయిపోతుంది. బంతి కంచె దాటింది, అంటే హోమ్ రన్, కాబట్టి ఆట గెలిచినట్టే. మొదటి బేస్ మీదున్న డెల్ అని పిలిచే డెల్మర్ హౌగెన్ ముందు, కర్టిస్ వెనక, మిగిలిన బేస్‌లు ఒక్కొక్కటే తొక్కుకుంటూ బంతి కొట్టే చోటైన హోమ్ ప్లేట్ దాకా రావడమే మిగిలింది.

ఆర్విడ్ లుండే హోమ్ ప్లేట్ వెనక నిలబడి మాస్క్ తీసి చంకలో పెట్టుకున్నాడు. అతను ఇరవై ఏడేళ్లుగా ఆ కౌంటీలో అంపైరు. జనమంతా బంతిని చూస్తున్నప్పుడు కాళ్లను చూడటం అతని అలవాటు. డెల్ రెండో బేస్‌ని కుడికాలితో సరిగ్గానే తొక్కాడు. మూడో బేస్ వైపు నాలుగైదు అడుగులు వేశాడు. అక్కడ ఆగిపోయాడు. హెల్మెట్ తీసి చేతిలో పట్టుకున్నాడు. చేతి తొడుగులు ఒక్కొక్కటే ఊడదీసి, మడిచి, వెనక జేబులో పెట్టుకున్నాడు. తర్వాత ఎడమకి తిరిగి, గడ్డిలోకి దిగి, మైదానం మధ్యనుంచి అడ్డంగా నడవటం మొదలుపెట్టాడు.

వెనకనుంచి వస్తున్న కర్టిస్ రెండో బేస్ దగ్గర ఆగి, "డెల్, డెల్, ఎక్కడికీ?" అని గొంతు చించుకున్నాడు. ముందున్నవాణ్ని దాటితే తనే అవుటైపోతాడు. హారన్ల మోతలో అతని కేక ఎవరికీ వినపడలేదు. ఆర్విడ్‌కి పెదవుల కదలిక కనపడింది. పరుగెత్తేవాడికి దారి చెప్పటం అంపైరు పని కాదు. ఎంత దూరం పోతే దారి వదిలేసినట్టో రూలు పుస్తకంలో అడుగుల్లో రాసి ఉండదు. చెప్పుకోదగ్గంత దూరం అని ఉంటుంది, అంతే. ఆ దూరం ఎంతో తేల్చాల్సింది అంపైరే. డెల్, బంతి విసిరే పిచ్చర్ నిలబడే మట్టిదిబ్బ వెనకగా దాటి, అవతలి గడ్డి మీద కాలు పెట్టగానే ఆర్విడ్ ముందుకొచ్చి కుడిచెయ్యి పిడికిలి బిగించి పైకెత్తాడు.

"అవుట్. బేస్‌లు వదిలేసి పోయాడు. హోమ్ రన్ లెక్కలోకి రాదు."

హారన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. అప్పుడు డెల్ అతని వైపు చూశాడు. ఇరవై ఏడేళ్లలో ఆర్విడ్ కొన్ని వేలమందిని అవుటిచ్చాడు. కొందరు బూతులు తిట్టారు, కొందరు నవ్వారు, ఒకడైతే హెల్మెట్ విసిరికొట్టాడు. డెల్ చూపులో అవేమీ లేవు. తన ఇంట్లోకి ముక్కూ మొహం తెలియనివాడెవడో వచ్చి నిలబడితే, వాణ్ని నొప్పించకుండా ఏమని పలకరించాలా అని ఆలోచిస్తున్న మనిషి చూపులా ఉంది.

పదో ఇన్నింగ్స్‌లో సీడర్ ఫోర్క్ వాళ్లు ఒక పరుగు తీసి గెలిచారు. హార్ట్‌విక్‌కి ఆ ఏటి ఆటలు ముగిసిపోయాయి.

*

సోమవారం పొద్దున్నుంచి ధాన్యం గిడ్డంగి ముందు లారీలు బారులు తీరాయి. గోధుమ కోతలు అయిపోవస్తున్నాయి. ఆర్విడ్ తూకం గది కిటికీలోంచి ఒక్కో లారీని కాటా పలక మీదికి పిలిచి, ముల్లు నిలబడేదాకా చూసి, చీటీ రాసి ఇస్తున్నాడు. దుమ్ముకి కళ్లు మండుతున్నాయి. రాత్రి సరిగా నిద్రపట్టలేదు.

"ఆర్విడ్, ముల్లు నిలబడకముందే నేను లారీ దిగి నడుచుకుంటూ పోయాననుకో. గోధుమలు కూడా అవుటేనా?" అని అడిగాడు ఒక డ్రైవరు.

"నువ్వు దిగితే లారీ తేలికవుతుంది. ఆ పొట్ట బరువుకి ధర ఇవ్వక్కర్లేదు," అన్నాడు ఆర్విడ్. వెనక లారీలవాళ్లు నవ్వారు.

"నిన్నేమనను. నువ్వు చూసింది నువ్వు చెప్పావు. ఆ డెల్ గాణ్ని అనాలి. పాపం కర్టిస్ పుట్టి బుద్ధెరిగాక కొట్టిన మొదటి హోమ్ రన్. వీడేమో షికారు పోయినట్టు పోయాడు."

"పోయినవాడు మన జట్టు బెంచీ దగ్గరికైనా పోయాడా? సీడర్ ఫోర్క్ వాళ్ల దగ్గరికి పోయాడు. వాళ్ల పెట్టెలో బీరు చల్లగా ఉంటుందని ఎవడో చెప్పుంటాడు."

మళ్లీ నవ్వులు. ఆర్విడ్ కూడా నవ్వబోయాడు. అప్పుడు లైన్లో ఆఖరున ఉన్న రూబెన్ అనే ముసలి రైతు, లారీ తలుపు మీద మోచెయ్యి ఆన్చి, ఎవరితోనూ కాదన్నట్టు అన్నాడు. "ఒకప్పుడు మన బెంచీ అటేగా ఉండేది. ఆ గాలివానకి కప్పు ఎగిరిపోయాక కదా ఇటు కట్టుకున్నాం. పన్నెండేళ్లు కాలేదూ?"

ఆర్విడ్ చేతిలో పెన్సిలు ఆగింది. ఆ పాత బెంచీ ఎండకి తెల్లబడిపోయిన పైన్ చెక్కలతో చేసింది. కొసన ఒక నీళ్ల పంపు ఉండేది. డెల్ నిన్న నడిచిన దారి తిన్నగా దాని దగ్గరికే. తొడుగులు మడిచి జేబులో పెట్టుకున్న తీరు, తొందర లేని ఆ నడక, ఇప్పుడు మళ్లీ కళ్లముందు కదిలాయి. ఆ మనిషి ఆట వదిలేసి పోలేదు. ఏళ్ల కిందటి ఇంకేదో ఆట ముగించుకుని తన చోటికి తను వెళ్తున్నాడు.

"ఏంటి ఆర్విడ్, ముల్లు నిలబడి చాలాసేపైంది," అని కాటా మీదున్న డ్రైవరు పిలిచేదాకా అతను చీటీ రాయలేదు.

డెల్ పంతొమ్మిదేళ్లుగా బడి బస్సు నడుపుతున్నాడు. వచ్చే సోమవారం బడి తెరుస్తారు.

*

మంగళవారం పని దిగాక ఆర్విడ్ అతని ఇంటికి వెళ్లాడు. పెరట్లో పసుపు పచ్చ బస్సు నిలబెట్టి, డెల్ పొడుగు కర్ర బ్రష్షుతో అద్దాలు తోముతున్నాడు. చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి ఉన్నాయి. మనిషి చూడటానికి ఎప్పట్లాగే ఉన్నాడు, ఎత్తుగా, ఎండకి కాలిన మెడతో.

"రా, రా. అవుటిచ్చింది చాలక ఇంటిదాకా వచ్చావా?"

"లీగు వాళ్లకి కాగితం రాసివ్వాలి. మీ మేనేజర్ గార్డీ ఫిర్యాదు పెట్టాడు. నీ మాట కూడా వింటే మంచిదని."

"నా మాటేముంది? ఆట అయిపోయిందనుకున్నాను. నువ్వు చెప్పింది రైటే." బ్రష్షు బకెట్లో ముంచాడు. "కర్టిస్‌కే, పాపం. వాడికి బీరు ఇప్పిస్తాలే."

ఆ మాటల్లో ఎక్కడా తడబాటు లేదు. ఆర్విడ్‌కి కాస్త ఊపిరాడింది. రూబెన్ మాటకి తను లేనిపోనివి ఊహించుకున్నాడేమో. ఇద్దరూ బస్సు టైర్ల గురించీ, గోధుమ దిగుబడి గురించీ మాట్లాడుకున్నారు. డెల్ భార్య మార్లిస్ కాఫీ కప్పులు తెచ్చి బస్సు మెట్టు మీద పెట్టింది. పొట్టి మనిషి, చేతులకి పిండి అంటుకుని ఉంది.

"సీడర్ ఫోర్క్ వాళ్లని మళ్లీ వాళ్ల ఊళ్లోనే చూసుకుందాం," అన్నాడు డెల్. "ఆదివారమేగా ఆట."

"ఆటలు అయిపోయాయి కదా, డెల్," అంది మార్లిస్, కప్పు అతని చేతికి అందిస్తూ. మామూలుగా అంది. తలుపు వేశావా అని అడిగినట్టు.

"అవునవును. వచ్చే ఏడాది సంగతి చెప్తున్నా."

ఆర్విడ్ కాఫీ మొత్తం తాగలేకపోయాడు. పికప్ ఎక్కబోతుంటే మార్లిస్ వెనకే వచ్చి, కిటికీ అంచు రెండు చేతులతో పట్టుకుంది.

"మీరు చూశారు. నాకు తెలుసు మీరు చూశారని. స్టాండ్లో నేను మిమ్మల్నే చూస్తున్నాను."

"ఎన్నాళ్లనుంచి?"

"మార్చి నుంచి నేనూ బస్సులో వెళ్తున్నాను. ముందు సీట్లో కూర్చుని అల్లిక అల్లుకుంటాను. మలుపు రాకముందే 'ఇవాళ ఎడమవైపు పొలం పచ్చగా ఉంది' అంటాను. అంతే, తిప్పేస్తాడు. ఒక్క చక్రం కూడా దారి తప్పలేదు, ఆర్విడ్. ఒక్కటి కూడా."

"డాక్టరుకి చూపించారా?"

"చూపిస్తే రాస్తాడు కదా. రాస్తే బస్సు తీసేసుకుంటారు. ఇంకో ఏడాదైతే ఇరవై నిండుతాయి, పింఛను వస్తుంది. అది కూడా కాదు." ఆమె గొంతు తగ్గింది. "పొద్దున్నే ఆ స్టీరింగ్ ముందు కూర్చున్నప్పుడు తనెవరో తనకి బాగా గుర్తుంటుంది. సాయంత్రానికే ఎక్కడో జారిపోతాడు. అది కూడా తీసేసుకుంటే ఇంకేం మిగులుతుంది?"

"నలభై మంది పిల్లలు, మార్లిస్."

"ముప్పై ఎనిమిది," అంది ఆమె. "అందరి పేర్లూ నాకూ తెలుసు. మీరేమీ చెప్పకండి. బతిమాలుకుంటున్నాను."

*

లీగు సమావేశం గురువారం అగ్నిమాపక కేంద్రం పైగదిలో జరిగింది. రబ్బరు గొట్టాల వాసన, ఇనుప కుర్చీలు. లీగు పెద్ద వెర్నన్ కళ్లజోడు ముక్కు మీదికి జార్చుకుని రూలు పుస్తకం తిరగేస్తున్నాడు. గార్డీ లేచి నిలబడ్డాడు. నాలుగు రోజులుగా సాధన చేసినట్టున్నాడు.

"నా వాదన ఒక్కటే. పుస్తకంలో ఏమని ఉంది? పరుగెత్తేవాడు తన బెంచీ వైపు పోతే దారి వదిలేసినట్టు అని. మావాడు తన బెంచీ వైపు పోలేదే? అవతలివాళ్ల బెంచీ వైపు పోయాడు. కాబట్టి అది వదిలేసినట్టు కాదు. షికారు."

గది నవ్వింది. వెర్నన్ కూడా నవ్వు ఆపుకున్నాడు. "అది ఉదాహరణ, గార్డీ. ఏ బెంచీ అని కాదు. ఆర్విడ్, నువ్వు చెప్పు. వదిలేశాడని ఎలా తేల్చావు?"

ఆర్విడ్ లేచాడు. కుర్ర అంపైర్లకి ఈ మాట ఎన్నోసార్లు చెప్పాడు. "కాళ్లు చూస్తాను. తర్వాతి బేస్ కోసం ప్రయత్నం ఉందా లేదా అంతే. ఎందుకు ఆగాడో, మనసులో ఏమనుకున్నాడో మనకి అక్కర్లేదు. అది చూడటం మొదలుపెడితే ఎవర్నీ అవుటివ్వలేం."

"మరి డెల్‌లో ప్రయత్నం కనపడలేదా?"

వెనక వరసలో డెల్ ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నాడు. పక్కన మార్లిస్ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని ఉంది. ఆర్విడ్ నోటిదాకా ఒక మాట వచ్చింది. దారి వదిలేసినవాడు వేరు, దారి తప్పినవాడు వేరు, పుస్తకంలో రెండోవాడి గురించి ఒక్క ముక్క లేదు. గదిలో పాతికమంది ఉన్నారు. వాళ్లలో సగంమంది పిల్లలు ఆ బస్సే ఎక్కుతారు.

"కనపడలేదు," అన్నాడు.

డెల్ లేచాడు. "ఎవరూ వాదించుకోవద్దు. ఆట అయిపోయిందనుకున్నాను. వాళ్ల పిచ్చర్ బాగా వేశాడు, చెయ్యి కలుపుదామని అటు వెళ్లాను. ఆర్విడ్ చెప్పింది రైటు. తప్పు నాదే." ఒక్కో వాక్యం మధ్య కొంచెం ఎడం ఇచ్చి, అప్పచెప్పినట్టు చెప్పాడు. మార్లిస్ పెదవులు అతనితోపాటే సన్నగా కదలటం ఆర్విడ్ ఒక్కడికే కనపడింది.

తీర్పు మారలేదు. అందరూ మెట్లు దిగుతుంటే కర్టిస్ డెల్‌కి అడ్డంగా నిలబడ్డాడు. వెల్డింగు పనివాడు, పాతికేళ్ల వాడు, ఏడుపు ఆపుకుంటున్న మొహం.

"రెండు బేస్‌లు, డెల్. పాక్కుంటూ వచ్చినా సరిపోయేది. చెయ్యి కలపటానికి అంత తొందరేమొచ్చింది నీకు?"

"తప్పైపోయింది, కర్ట్," అని చెయ్యి చాచాడు డెల్. కర్టిస్ ఆ చాచిన చేతిని చూసి, పక్కనుంచి దిగిపోయాడు. చుట్టూ ఉన్నవాళ్లెవరూ డెల్ వైపు చూడలేదు. అతను మాత్రం ఆ చేతిని కాసేపు అలాగే ఉంచి, తర్వాత రెయిలింగు పట్టుకుని, ఎన్ని మెట్లున్నాయో లెక్కపెట్టుకుంటున్నట్టు నెమ్మదిగా దిగాడు.

తన మాటే నెగ్గింది. ఆర్విడ్ పికప్‌లో కూర్చుని చాలాసేపు తాళం తిప్పలేదు.

శుక్రవారం మధ్యాహ్నం గిడ్డంగి ఫోను ఎత్తి బడి ఆఫీసు నంబరు తిప్పాడు. అటునుంచి గొంతు రాగానే పెట్టేశాడు. గంట తర్వాత మళ్లీ తిప్పాడు. మళ్లీ పెట్టేశాడు. పిచ్చర్ దిబ్బ దాటి గడ్డి మీద పెట్టిన ఆ కాలే గుర్తొస్తోంది. తను ఇంకో మూడు ఊపిర్లంతసేపు ఆగి ఉంటే డెల్ తనంతట తనే ఆగి, చుట్టూ చూసుకుని, వెనక్కి తిరిగేవాడేమో. తిరిగేవాడు కాదేమో. అది ఇప్పుడు ఎవరు చెప్పగలరు?

*

బడి తెరిచే ముందు శనివారం డ్రైవర్లు ఖాళీ బస్సుతో ఒకసారి దారంతా తిరిగి రావాలి. ఆరున్నరకి ఆర్విడ్ డెల్ పెరట్లో ఉన్నాడు. మార్లిస్ అల్లిక సంచితో బస్సు ఎక్కబోతోంది.

"ఇవాళ నేను వెళ్తాను, మార్లిస్. నువ్వు ఇంట్లో ఉండు."

ఆమె మొహం పాలిపోయింది. "అక్కర్లేదు. నేను ఎప్పుడూ..."

"పరీక్షా?" అని అడిగాడు డెల్, అతన్నే చూస్తూ.

అబద్ధం చెప్పాలనిపించలేదు. "అవును."

డెల్ టోపీ సరిచేసుకున్నాడు. "రానీ మార్లిస్. వాడు చూస్తేగానీ వదలడు."

బస్సు కంకర రోడ్డు ఎక్కింది. ఆర్విడ్ తలుపు పక్క సీట్లో కూర్చుని ఒక్క మాట మాట్లాడలేదు. డెల్ చేతులు స్టీరింగ్ మీద నిబ్బరంగా ఉన్నాయి. గేరు మార్చటంలో కుదుపు లేదు. రైలు పట్టాల దగ్గర పూర్తిగా ఆపి, తలుపు తెరిచి, చెవి ఒగ్గి విని, మూసి కదిలాడు. ప్రతి ఇంటి ముందూ ఎర్రదీపాలు వేసి, తలుపు లీవరు లాగి, మనసులో పిల్లల్ని ఎక్కించుకుని, అద్దంలో చూసి కదిలేవాడు. ఎనిమిది ఇళ్లు అలా గడిచాయి. పొద్దుతిరుగుడు చేల మీద ఎండ పడుతోంది. ఆర్విడ్ మెల్లగా వీపు సీటుకి ఆన్చాడు. మార్లిస్ చెప్పింది నిజమే. ఒక్క చక్రం కూడా తప్పలేదు.

తొమ్మిదో ఇంటికి కుడికి తిరగాలి. డెల్ ఎడమకి తిప్పాడు.

రోడ్డు సన్నబడింది. మధ్యలో గడ్డి బస్సు అడుగుని రాసుకుంటోంది. అరమైలు పోయాక ఒక వాకిలి ముందు నెమ్మదిగా ఆపాడు. ఎర్రదీపాలు వేశాడు. తలుపు తెరిచాడు. అవతల బెర్గ్‌డాల్ వాళ్ల ఇల్లు. పైకప్పు సగం కూలి ఉంది. కిటికీల్లోంచి చెట్లు బయటికొచ్చాయి. ఉత్తరాల పెట్టె లేదు, అది నిలబడే కర్ర మాత్రం ఉంది.

డెల్ హారన్ ఒకసారి మెత్తగా నొక్కాడు. "లిండా ఎప్పుడూ ఇంతే. జడ అవ్వదు. వాళ్లమ్మ గుమ్మంలో నిలబెట్టి అల్లుతూ ఉంటుంది, ఇది ఇక్కడినుంచే చెయ్యి ఊపుతుంది."

లిండా బెర్గ్‌డాల్‌కి ఇప్పుడు ఇద్దరు పిల్లలు. ఇక్కడికి రెండు రాష్ట్రాల అవతల ఉంటోంది. ఆ గుమ్మంలో మనిషి నిలబడి పదమూడేళ్లయింది. అయినా ఆర్విడ్ డెల్ చూస్తున్న వైపే చూశాడు. ఒక్క క్షణం తనకి కూడా అక్కడ ఎవరో ఉన్నట్టే అనిపించింది. కుడిచెయ్యి దానంతటదే మోకాలి మీదనుంచి లేచింది. దాన్ని తొడకింద పెట్టుకుని అణచి కూర్చున్నాడు.

ఎర్రదీపాలు టక్ టక్ మని వెలిగి ఆరుతున్నాయి. తెరిచిన తలుపులోంచి ఒక మిడత లోపలికి గెంతి, మెట్టు మీద కూర్చుని, మళ్లీ గెంతిపోయింది. గాలికి ఆ ఇంటి వెనక రేకు ఏదో కొట్టుకుంటోంది. డెల్ నవ్వుతూ చూస్తున్నాడు. నవ్వు కాసేపు అలాగే ఉంది. తర్వాత ఎక్కడో మూలనుంచి కరగటం మొదలుపెట్టింది. అతను కప్పు వైపు చూశాడు. కిటికీలోంచి వచ్చిన చెట్టు వైపు చూశాడు. లీవరు మీద చెయ్యి బిగిసింది.

"ఆర్విడ్."

"ఆ."

"ఇక్కడ ఎవరూ లేరు కదా."

"లేరు."

"ఎన్నాళ్లయింది?"

"పదమూడేళ్లు."

డెల్ తల ఊపాడు, ఎవరో దారి చెప్తే విన్నట్టు. "చూస్తూ కూర్చున్నావే. చెప్పొచ్చుగా?"

"ఆదివారం తొందరపడ్డాను."

"ఆదివారం నేను పంపు దగ్గరికి పోతున్నాను," అన్నాడు డెల్. "దాహమేసింది. పంపు కనపడింది కూడా. నువ్వు చెయ్యెత్తాక అది లేదు. ఎవరికి చెప్పాలో తెలీలేదు. మార్లిస్ చెప్పమన్నట్టు చెప్పాను." అద్దంలో వెనక సీట్ల వైపు చూశాడు. "వీళ్లు ఎక్కి కూర్చున్నాక ఇలాంటి చోటికి తీసుకొస్తే? ముప్పై ఎనిమిది మంది. ఇక్కడ ఆపి ఊరుకుంటే ఫర్వాలేదు. రైలు పట్టాల మీద ఆపానా?"

దానికి జవాబు ఆర్విడ్ చెప్పేది కాదు.

డెల్ తలుపు మూశాడు. దీపాలు ఆర్పాడు. చేతి బ్రేకు లాగి, సరిగ్గా పడిందో లేదో రెండోసారి లాగి చూసుకున్నాడు. సీటు బెల్టు తీసి లేచి నిలబడ్డాడు. కొంతసేపు ఆ ఖాళీ సీటు వెనకభాగం మీద అరచెయ్యి ఆన్చి ఉంచాడు.

"నువ్వు ధాన్యం లారీలు నడిపినవాడివే. క్లచ్చు కొంచెం బిగువు. జాగ్రత్త," అని తలుపు పక్క సీట్లో కూర్చున్నాడు.

ఆర్విడ్ బస్సు వెనక్కి తిప్పాడు. మొదటి మలుపు దాకా డెల్ బయటికి చూస్తూ కూర్చున్నాడు. తర్వాత, "జేబులో కాగితం ఉందా?" అని అడిగాడు.

తూకం చీటీల పుస్తకం ఉంది. ప్రతి ఇంటి ముందూ ఆర్విడ్ బస్సు ఆపి, స్టీరింగ్ మీద చీటీ పెట్టుకుని రాశాడు. డెల్ చెప్తూ పోయాడు. "వీళ్లింట్లో ఇద్దరు. చిన్నదానికి కుక్కంటే హడలు. కుక్కని గొలుసు వేసేదాకా తలుపు తెరవొద్దని చెప్పు ఆ వచ్చేవాడికి. ఇక్కడ ఒక్కడే. వాడు అన్నం తినకుండా వస్తాడు, డబ్బాలో బిస్కెట్లు పెట్టుకొమ్మను, ఇచ్చేటప్పుడు అందరి ముందూ ఇవ్వొద్దు. ఈ గుంటలో మంచు రోజుల్లో చక్రం దిగుతుంది, అవతలి ఒడ్డునే పోవాలి." ఒక్క ఇల్లూ తప్పలేదు. ఒక్క పేరూ తప్పలేదు. చీటీలు పదకొండు అయ్యాయి.

పెరట్లోకి వచ్చేసరికి మార్లిస్ గుమ్మంలో ఉంది. బస్సుని చూసి నాలుగడుగులు ముందుకొచ్చింది. స్టీరింగ్ ముందు ఎవరున్నారో చూసింది. అక్కడే ఆగిపోయింది. తర్వాత చేతులు దులుపుకుంటూ నడిచి వచ్చి, తెరిచిన తలుపు దగ్గర, కింది మెట్టు మీద కాలు పెట్టి నిలబడింది. మొగుడి మొహమూ, ఆర్విడ్ చేతిలో పెన్సిలూ చూసింది.

"ఆగు, ఇంకొకటుంది," అన్నాడు డెల్. "వంతెన అవతలి ఇల్లు, ఇవాళ మనం అటు పోలేదు. ఈ ఏడాదే కొత్తగా ఎక్కుతుంది. ఎడమ చెవి వినపడదు. కుడివైపు కూర్చోబెట్టాలి. ఆ పాప పేరు..."

ఆగిపోయాడు. పెదవులు కదిలాయి. వేళ్లతో మోకాలి మీద తట్టుకున్నాడు. మార్లిస్ నోరు తెరవబోయింది. ఆర్విడ్ ఆమె వైపు చూశాడు. ఆమె ఆగింది. ఇంజను ఇంకా గుడగుడమంటూనే ఉంది.

డెల్ మెల్లగా తల తిప్పి భార్య వైపు చూశాడు.

"గుర్తు రావట్లేదు, మార్లిస్," అన్నాడు. "నువ్వు చెప్పు."

"రోజలీ," అంది ఆమె.

ఆర్విడ్ రాసుకున్నాడు.